రెటినోస్కోప్ చేతులోంచి ఎలా జారిపోయింది: మన ఆప్టోమెట్రిస్టుల వెనక కథ

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నాలుగడుగులు వేస్తే చాలు, కళ్ళజోళ్ళ షాపు, దాని మీద "కంప్యూటర్ ద్వారా కంటి పరీక్ష" అని బోర్డు కనిపిస్తుంది. లోపల పని చేసేవాళ్ళలో చాలామంది మా ఆప్టోమెట్రీ పిల్లలే, అంటే కంటి పవర్ చూసి అద్దాలు రాసే చదువు చదివినవాళ్ళు. పోయిన నెల అందులో ఒకబ్బాయిని రెటినోస్కోప్ (కంట్లోకి వెలుగు వేసి, తిరిగొచ్చే మెరుపు కదలికని బట్టి పవర్ కొలిచే చేతి పరికరం) పట్టుకుని ఎన్నాళ్ళయిందని అడిగితే "ప్రాక్టికల్ పరీక్ష రోజు పట్టుకున్నాను సార్, మళ్ళీ ముట్టుకోలేదు" అన్నాడు. నాకు చాలా బాధనిపించింది, కానీ తప్పు ఆ అబ్బాయిది కాదు, ఇది వాడు పుట్టకముందు నుంచి వస్తున్న వ్యవహారం.

మన దేశంలో ఈ చదువు మొదలైంది 1958లో, అలీగఢ్ గాంధీ కంటి ఆసుపత్రిలోనూ మన హైదరాబాద్ సరోజినీ దేవి ఆసుపత్రిలోనూ, రెండేళ్ళ డిప్లొమా. అప్పటికి ఆటోరిఫ్రాక్టర్, అంటే పవర్ తనే కొలిచే ఈ కంప్యూటర్ మెషీన్ లేదు, రెటినోస్కోప్, ట్రయల్ సెట్ (మార్చి మార్చి చూసే అద్దాల పెట్టె), చార్టు, అంతే, చెయ్యి తిరక్కపోతే పనే లేదు.

తర్వాత 1976లో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం వచ్చింది. అప్పుడున్న పెద్ద సమస్య శుక్లాలు, అది నిజం, కాబట్టి పీహెచ్‌సీల్లో వేసిన ఆఫ్తాల్మిక్ అసిస్టెంట్ల (కంటి డాక్టరుకి సహాయకుల) పని ఎక్కువగా దాని చుట్టూనే తిరిగింది, ఊళ్ళో పొర వచ్చినవాళ్ళని వెతకడం, క్యాంపుకి తేవడం, చుక్కలు వెయ్యడం, రిజిస్టర్ రాయడం. ఆ రోజుల్లో లెన్సు మొత్తం తీసేసేవారు, లోపల కొత్త లెన్సు పెట్టేవారు కాదు, అందుకే ముసలోళ్ళకి ఆ సోడాబుడ్డి అద్దాలు. మా తాతకీ అవే. క్యాంపులో చాలామందికి ఒకే ప్లస్ 10 అద్దం ఇచ్చి పంపేస్తుంటే ఇంక రిఫ్రాక్షన్ (ఎవరి పవర్ ఎంతో కొలవడం) చేసేదెవరికి. 1994లో వరల్డ్ బ్యాంక్ డబ్బుతో 7 రాష్ట్రాల్లో, అందులో మనదీ ఒకటి, శుక్లాల ప్రాజెక్టు మొదలైంది, టార్గెట్ సుమారు 1 కోటి 10 లక్షల ఆపరేషన్లు. దానివల్ల లోపల పెట్టే లెన్సు పల్లెల దాకా వచ్చింది, ఎన్నో ఇళ్ళల్లో వెలుగొచ్చింది, నేను కాదనను. కానీ లెక్కంతా ఆపరేషన్ల సంఖ్యలోనే నడిచింది, మా చేతి పని ఎలా ఉందని అడిగే లెక్క మా దాకా రాలేదు.

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1996 నుంచి 2000 దాకా చేసిన పెద్ద సర్వేలో 10,293 మందిని చూస్తే అంధత్వం 1.84 శాతం ఉంది, అందులో సుమారు 16 శాతం రిఫ్రాక్టివ్ ఎర్రర్‌కి సంబంధించినదే, అంటే కత్తితో పని లేదు, పవర్ సరిగ్గా చూడాల్సిన విషయం. ఆ సర్వేలో హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ఉన్నాయి, మా విజయనగరం, శ్రీకాకుళం లేవు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు.

ఈలోపు 1985లో చెన్నైలో ఎలైట్ స్కూల్ ఆప్టోమెట్రీలో నాలుగేళ్ళ డిగ్రీ మొదలెట్టింది, 2006లో ఎల్వీ ప్రసాద్ క్యాంపస్ విశాఖకి వచ్చింది, ఆ దారిన వెళ్ళగలిగినవాళ్ళకి మంచి ట్రైనింగ్ దొరికింది. మిగతావాళ్ళు దగ్గర్లో ఏదో ఒక కాలేజీలో డిప్లొమా చేసి షాపులో చేరారు. షాపుకి కావాల్సింది స్పీడు, మెషీన్ కొన్ని సెకన్లలో నంబరు ప్రింట్ ఇచ్చేస్తుంది, పేషెంట్ కూడా "బాబూ కంప్యూటర్లో పెట్టి సూడు" అనే అడుగుతాడు.

మెషీన్ చెడ్డదని కాదు, మొదలెట్టడానికి బాగుంటుంది. కానీ చిన్న పిల్లాడు అందులోకి చూస్తూ దగ్గరి వస్తువుని చూసినట్టు కంటి లోపలి కండరం బిగించేస్తాడు, ప్లస్ ఉన్నోడికి కూడా మైనస్ చూపించొచ్చు, ఆ బిగువు వదిలే చుక్కలు వేసి 66 సెంటీమీటర్ల దూరం నుంచి రెటినోస్కోప్ వేసి, ఆ దూరానికి లెక్కగా 1.50 తీసేసి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. రిఫ్లెక్స్, అంటే కంట్లోంచి తిరిగొచ్చే మెరుపు, కత్తెరలా విడిపోయి కదిలితే కెరటోకోనస్ (నల్లగుడ్డు ముందు పొర పలచబడి కోనులా ముందుకి రావడం) ఉందేమో అని అక్కడే అనుమానం వస్తుంది, డల్‌గా ఉంటే పొర ఉందేమో చూడాలి. అది ప్రింట్ కాగితంలో రాదు.

ఇంకోటి చత్వారం. పొందూరు నుంచి ఖద్దరు వడికే ఒకావిడ వచ్చింది, యాభై దాటాయి, వేరే చోట వయసు చూసి దగ్గర నంబరు రాసేశారు. "పేపరు బాగానే అగుపడతాది గానీ కదురు కాడ మసకేస్తంది బాబూ" అంది. టేపు పెట్టి కొలిస్తే కదురు ఆవిడ కళ్ళకి పేపరు కంటే బాగా దూరం, నంబరు కొంచెం తగ్గించాం, సరిపోయింది. మీరు ఏ పని చేస్తారమ్మా, ఎంత దూరంలో పెట్టుకుని చేస్తారు అని అడగడం కూడా క్లినికల్ స్కిల్లే, పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళకీ ఇదే అడగాలి.

2019 అక్టోబర్ 10న మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదలైనప్పుడు ముందు స్కూలు పిల్లలతోనే పెట్టారు, అంటే చెయ్యి బాగా తిరిగినవాళ్ళు కావాల్సిన పనే అది. మాలో ఎంతమందిమి దానికి తయారుగా ఉన్నాం?

చదువయ్యాక నేర్పే ఏర్పాటు ఎందుకు లేదంటే, అడిగే చట్టమే చాలాకాలం లేదు. నర్సులకి 1947లో, ఫార్మసిస్టులకి 1948లో చట్టాలొచ్చాయి, మాకు 2021లో వచ్చింది, అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం, అందులో ఆప్టోమెట్రిస్ట్ పేరు ఉంది, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనాలంటే కనీసం 3,600 గంటల డిగ్రీ కావాలి. ఆ గంటల్లో ఎన్ని నిజంగా పేషెంట్ కన్ను ముందు గడుస్తాయో అదే నా దిగులు, ఇప్పటికే పనిలో ఉన్న డిప్లొమా పిల్లల సంగతేంటన్నది ఇంకో దిగులు.

ఆ షాపు అబ్బాయి ఇప్పుడు ఆదివారాలు మా ఇంటికి వస్తున్నాడు, ఇంకో ముగ్గుర్ని తెచ్చాడు. ఒకరి కన్ను ఒకరు చూసుకుంటారు, ముందు రెటినోస్కోపీ, కాగితం మీద రాయడం, ఆ తర్వాతే మెషీన్ ప్రింట్ పక్కన పెట్టి పోల్చుకోవడం. మొదటి వారం తేడా ఒక డయాప్టర్ (అద్దం పవర్ కొలత) దాకా వచ్చింది, మొన్న పావు వచ్చింది.