సింహరాశి న్యూయార్క్ మీద వాలిన రాత్రి: చరిత్ర డాక్యుమెంటరీల గొడవ ఎక్కడ మలుపు తిరిగింది?

మాయమైన ఒక పాత నాగరికత గురించి గ్రాహమ్ హాన్‌కాక్ అనే బ్రిటన్ రచయిత నడిపే ఏన్షెంట్ అపోకలిప్స్ సిరీస్ రెండో సీజన్ నెట్‌ఫ్లిక్స్‌లో 2024 అక్టోబర్ 16న వచ్చింది. ఈసారి కియాను రీవ్స్ కూడా కనిపిస్తున్నాడు కాబట్టి చూసేవాళ్లకు కొదవ లేదు, దాంతో పాటే రెండేళ్ల కిందటి గొడవ మళ్లీ రాజుకుంది. మా బంధువుల కుర్రాడొకడు మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, నిజంగానే ఆర్కియాలజిస్టులు ఆ నాగరికత సంగతి దాచేస్తున్నారా?" అని అడిగాడు. ఎగతాళికి అడగలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. వాడికి చెప్పిన జవాబే ఇక్కడ కాస్త సాగదీసి రాస్తున్నాను.

ప్లేటో దగ్గర్నుంచీ, అట్లాంటిస్ దగ్గర్నుంచీ మొదలుపెట్టను, అది అందరికీ తెలిసిన కథే. మంచుయుగంలో ఒక గొప్ప నాగరికత ఉండేదని, సుమారు 12,800 ఏళ్ల కిందట తోకచుక్క దెబ్బకు నాశనమైందని, బతికి బయటపడ్డవాళ్లే లోకమంతా తిరిగి మిగతా మనుషులకు వ్యవసాయం, కట్టడాలు నేర్పారని గ్రాహమ్ హాన్‌కాక్ వాదన. ఆ నాగరికత గురించి ఆయన 1995 నుంచీ పుస్తకాల్లో చెబుతూనే ఉన్నాడు, తోకచుక్క మాత్రం తర్వాత వచ్చి చేరింది. 2022 నవంబర్‌లో మొదటి సీజన్ వచ్చినప్పుడు అమెరికా పురావస్తు శాస్త్రజ్ఞుల సంఘం, అదే సొసైటీ ఫర్ అమెరికన్ ఆర్కియాలజీ, నవంబర్ 30న నెట్‌ఫ్లిక్స్‌కు బహిరంగ లేఖ రాసింది. డాక్యుసిరీస్ అనే ముద్ర తీసేసి సైన్స్ ఫిక్షన్ కింద పెట్టండి, ఇందులో చెప్పినదానికి ఆధారాలు లేవని ఒక హెచ్చరిక వేయండి అని అడిగింది. నెట్‌ఫ్లిక్స్ ముద్ర మార్చలేదు, రెండో సీజన్ కూడా అదే ముద్రతో వచ్చింది.

చాలామంది ఈ కథను ఆ లేఖతోనే మొదలుపెడుతున్నారు. అసలు మలుపు అంతకు 22 ఏళ్ల ముందే, లండన్‌లో జరిగిందని నా నమ్మకం. అది అర్థమైతే ఇవాళ్టి గొడవ సగం అర్థమైనట్టే.

1999 నవంబర్ 4న బీబీసీలో హొరైజన్ అనే సైన్స్ కార్యక్రమం హాన్‌కాక్ వాదనల మీద ఒక ఎపిసోడ్ వేసింది. అందులో ఆయన ఉన్నాడు, ఆయనతో కలిసి పనిచేసిన రాబర్ట్ బౌవాల్ ఉన్నాడు, వాళ్లను ఒప్పుకోని పండితులూ ఉన్నారు. ఇరుపక్షాలూ ఒకే గంటలో, ఒకే ప్రేక్షకుడి ముందు నిలబడ్డాయి. కంబోడియాలోని అంకోర్ గుళ్లను మ్యాపులో చూస్తే ఆకాశంలోని డ్రాకో నక్షత్రమండలం ఆకారంలో ఉంటాయని, అది క్రీ.పూ. 10,500 నాటి ఆకాశమని హాన్‌కాక్ అంటాడు. హొరైజన్ వాళ్లు దీనికి పెద్దగా ఉపన్యాసం ఇవ్వలేదు. న్యూయార్క్ మ్యాపు తీసుకుని, ఆ ఊళ్లో అందరికీ తెలిసిన కట్టడాల మీద చుక్కలు పెట్టి, వాటిని కలిపి సింహరాశిని గీసి చూపించారు. అంతే. చుక్కలు చాలినన్ని ఉండి, మనకు కావలసినవి ఏరుకుని, సరిపడనివి వదిలేసే వీలుంటే ఏ ఊళ్లోనైనా ఏ రాశినైనా గీయొచ్చన్నమాట. అంకోర్‌లో గుళ్లు కొల్లలు, తన బొమ్మకు సరిపోయేలా హాన్‌కాక్ కొన్నింటిని తీసుకుని కొన్నింటిని పక్కన పెట్టాడని ఆ కార్యక్రమం చెప్పింది. ఒక వాదనను పరీక్షించి చూపించడం అంటే ఇదీ, ఇంతకంటే తేటగా టీవీలో చూపించడం కష్టం.

హాన్‌కాక్, బౌవాల్ ఊరుకోలేదు. అప్పట్లో బ్రిటన్‌లో బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ కమిషన్ అని ఒకటుండేది, టీవీ తనకు అన్యాయం చేసిందనుకున్న మనిషి వెళ్లి ఫిర్యాదు చేసుకునే చోటు అది. వీళ్లిద్దరూ పది అంశాల మీద ఫిర్యాదు పెట్టారు. కమిషన్ వాటిని ఒక్కొక్కటిగా విచారించి 2000 నవంబర్‌లో తీర్పు చెప్పింది. తొమ్మిది కొట్టేసింది, ఒక్కటి ఒప్పుకుంది. కార్యక్రమం తీసినవాళ్లు సదుద్దేశంతోనే ఈ వాదనలను పరిశీలించారని కూడా అంది.

ఆ ఒక్కటి ఏమిటో చూడాలి. గీజాలోని మూడు పిరమిడ్లు ఒరాయన్ నడికట్టులోని మూడు చుక్కలకు, అంటే మన పల్లెల్లో గొల్లకావడి అనే మూడు చుక్కలకు, నకలు అని బౌవాల్ వాదన. లాస్ ఏంజెలిస్ గ్రిఫిత్ అబ్జర్వేటరీకి చెందిన ఎడ్ క్రప్ దీనికి ఒక అభ్యంతరం చెప్పాడు. ఆకాశంలో ఆ మూడింట్లో ఉత్తరపు కొసన ఉన్న చుక్క, వీళ్ల లెక్కలో, నేలమీద దక్షిణపు కొసన ఉన్న చిన్న పిరమిడ్ అవుతోంది, అంటే మ్యాపును తలకిందులు చేస్తే తప్ప పోలిక కుదరదని. హొరైజన్ ఈ అభ్యంతరాన్ని చూపించింది కానీ దానికి హాన్‌కాక్, బౌవాల్ ఇచ్చిన జవాబును కోసేసింది. దక్షిణం వైపు తిరిగి నిలబడ్డవాడికి ఆకాశం ఎలా కనిపిస్తుందో అలాగే నేలమీద పెట్టారని వాళ్ల జవాబు. అది సరైనదా కాదా అన్నది వేరే మాట, ఒకడి మీద ఆరోపణ వేసి అతని జవాబు వేయకపోవడం అన్యాయమే. కమిషన్ అదే చెప్పింది, నాకూ అదే న్యాయమనిపిస్తుంది. బీబీసీ ఆ కార్యక్రమాన్ని సరిదిద్ది డిసెంబర్ 14న మళ్లీ వేసింది. సింహరాశి బొమ్మకు మాత్రం ఏ ఢోకా రాలేదు.

ఇప్పుడు ఇవాళ్టి గొడవ పక్కన దీన్ని పెట్టి చూడండి. తన మాట ఎవరూ విననివ్వడం లేదని హాన్‌కాక్ కొత్త సిరీస్ పొడుగునా అంటాడు. 2000లో ఆయన తలుపు తట్టాడు, తలుపు తీశారు, పది మాటలూ విన్నారు, నిజమున్న ఒక్కదానికీ న్యాయం చేశారు, దేశమంతా చూసే ఛానెల్ ఆ కార్యక్రమాన్ని మార్చి మళ్లీ వేసింది. అంతకు ముందు 1998లో, ఆ తర్వాత 2002లో, బ్రిటన్‌లోనే చానెల్ 4 ఆయనకే పూర్తి సిరీస్‌లు ఇచ్చింది. నోరు నొక్కేశారన్న మాట ఈ లెక్కకు ఎక్కడా సరిపోవడం లేదు.

ఆ తీర్పులో ఇంకో సంగతి ఉంది, అప్పుడు ఎవరికీ పెద్దగా తట్టినట్టు లేదు. ఆ రకం ఫిర్యాదు చేసే హక్కు కార్యక్రమంలో అన్యాయం జరిగిన మనిషిది. పేరున్న మనిషి, ముఖం చూపించిన మనిషి. ఇండోనేషియాలోని గునుంగ్ పడాంగ్ గుట్ట గురించో, అంకోర్ గురించో తప్పు చెబితే ఆ చోటు తరఫున వెళ్లి అడిగే హక్కు దాంతో రాదు. హొరైజన్ హాన్‌కాక్‌ను పేరు పెట్టి ప్రశ్నించింది కాబట్టి ఆయనకు ఫిర్యాదు చేసే దారి దొరికింది. 2022 సిరీస్‌లో ఆయన ఎవరిని విమర్శిస్తున్నాడు? ‘మెయిన్‌స్ట్రీమ్ ఆర్కియాలజీ’ని. దానికి ముఖం లేదు, పేరు లేదు, ఫిర్యాదు ఫారం నింపే చెయ్యి లేదు. సింహరాశి గీసి చూపించేవాడిని పక్కన కూర్చోబెట్టాల్సిన పని లేకుండా మొత్తం సిరీస్ ఒక్క గొంతుతో నడిపించొచ్చు. నడిపించారు కూడా.

అమెరికాలో ఆ పాటి దారి కూడా లేదు. 1996 ఫిబ్రవరిలో ఎన్‌బీసీ, చార్ల్‌టన్ హెస్టన్‌తో మనిషి పుట్టుక కోట్ల ఏళ్ల నాటిదన్నట్టు ఒక కార్యక్రమం వేస్తే సైంటిస్టులు మండిపడ్డారు, ప్రభుత్వ ప్రసార కమిషన్ దాకా వెళ్లింది, ఏ చర్యా తీసుకోలేదు. 2010లో హిస్టరీ ఛానెల్‌లో గ్రహాంతరవాసుల సిరీస్ మొదలైంది, అది ఇప్పటికీ ఆగలేదు. మన పురాణాల్లోని విమానాలను కూడా అందులోకి లాగారు. ఆ విమానాలకు ఆధారంగా చూపే వైమానిక శాస్త్రాన్ని బెంగళూరు ఐఐఎస్‌సీ ఇంజనీర్లు 1974లోనే కూర్చుని చదివారు. ఆ గ్రంథం 1904 కంటే పాతది కాదని, అందులో వర్ణించిన వాహనాలు ఎగరలేవని తేల్చారు. మన దేశంలోనే, మన ఇంజనీర్లే చేసిన పని అది. నేను చూసిన ఎపిసోడ్లలో దాని ఊసు లేదు.

మా వాడు అడిగిన రెండో ప్రశ్న, "మరి కార్బన్ డేటింగ్‌లో వచ్చింది కదా?" అని. చెక్క, బొగ్గు లాంటివాటి వయసును వాటిలోని కార్బన్‌ను బట్టి లెక్కగట్టే పద్ధతి అది. ఇది గట్టి ప్రశ్న, దీనికి జవాబు మన దగ్గరే, హైదరాబాద్‌లోనే ఉంది.

2001 మే నెలలో గుజరాత్‌లోని ఖంభాత్ అఖాతంలో, సముద్రం అడుగున, నగరం లాంటిది కనిపించిందని కేంద్రమంత్రి మురళీ మనోహర్ జోషి ప్రకటించారు. ఓషన్ టెక్నాలజీ సంస్థ సోనార్‌తో తీసిన బొమ్మల్లో గీతలు, చతురస్రాలు కనిపించాయి. అడుగు నుంచి డ్రెడ్జింగ్ చేసి తెచ్చినవాటిలో ఒక చెక్కముక్క ఉంది. దాన్ని లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు, హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి పంపారు. లక్నో నుంచి క్రీ.పూ. 5500 అని వచ్చింది, హైదరాబాద్ నుంచి క్రీ.పూ. 7500 అని. పత్రికలకు ఏ అంకె ఎక్కువ నచ్చిందో చెప్పక్కర్లేదు. హాన్‌కాక్ 2002 సిరీస్‌లో ఖంభాత్ ఒక ముఖ్యమైన మజిలీ.

తేదీ తప్పని ఎవరూ అనడం లేదు, ఆ చెట్టు అంత పాతదే అయ్యుండొచ్చు. కానీ ఆ చెక్క ఎవరి ఇంటి దూలం? ఖంభాత్ అఖాతంలో ఆటుపోట్లు ఎంత ఉద్ధృతమో అందరికీ తెలుసు, నదులు తెచ్చిపోసే మట్టి కూడా అక్కడే కలుస్తుంది. తవ్వకంలో పొరలు పొరలుగా తీస్తే, ఈ పొయ్యి పక్కన ఈ కుండ, కుండ కింద ఈ బొగ్గు అని ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, అప్పుడు బొగ్గు వయసు పొయ్యి వయసు అవుతుంది. యంత్రంతో గీకి పైకి తెచ్చిన చెక్కకు ఆ ముడి ఉండదు. పాత చెక్క దొరికిందంటే పాత చెక్క దొరికిందని మాత్రమే.

ఇదే తప్పు ఇరవై ఏళ్ల తర్వాత, వేల మైళ్ల అవతల, అచ్చు అలాగే మళ్లీ జరిగింది. మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ఇండోనేషియాలోని గునుంగ్ పడాంగ్ గుట్ట ఉంది. పశ్చిమ జావాలో నల్లరాతి స్తంభాలు పేర్చిన మెట్ల వరసలు, చూడ్డానికి నిజంగా బాగుంటుంది. దాని లోపలి పొరలు 27,000 ఏళ్ల దాకా పాతవని, అవి మనుషులు కట్టినవని 2023లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. 2024 మార్చిలో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. కారణం చదివితే ఖంభాత్ గుర్తొస్తుంది. వాళ్లు తేదీ కట్టింది మట్టికి. ఆ మట్టి పక్కన మనిషి చేతి పని అని నమ్మకంగా చెప్పగలిగే వస్తువు ఒక్కటీ లేదు. పాత మట్టి పాతదే, అందులో మనిషి లేడు. రచయితలు ఈ నిర్ణయాన్ని ఒప్పుకోలేదు, హాన్‌కాక్ కూడా వాళ్ల పక్షానే నిలిచాడు. ఎపిసోడ్ మాత్రం నెట్‌ఫ్లిక్స్‌లోనే ఉంది.

ఆయన వైపు నుంచి వచ్చే బలమైన మాట ఒకటుంది, దాన్ని దాటెయ్యకూడదు. తుర్కియేలోని గోబెక్లి టెపే క్రీ.పూ. 9500 ప్రాంతం నాటిది. వ్యవసాయం స్థిరపడకముందే మనుషులు అంత పెద్ద రాతి స్తంభాలు నిలబెట్టారంటే పాత పాఠ్యపుస్తకాలు తప్పే కదా అంటాడు. తప్పే. కానీ వాటిని తప్పని తేల్చిందెవరు? 1995 నుంచి అక్కడ ఏళ్ల తరబడి తవ్విన క్లాస్ ష్మిట్ బృందం. దాచిపెట్టేవాళ్లయితే ఆ గుట్టను అలాగే వదిలేసేవాళ్లు. 2024 ఏప్రిల్‌లో జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో ఆర్కియాలజిస్ట్ ఫ్లింట్ డిబుల్ హాన్‌కాక్ ఎదురుగా కూర్చుని నాలుగు గంటలకు పైగా మాట్లాడాడు. అందులో ఒక ముఖ్యమైన భాగం గింజల గురించి. మనిషి సాగు చేసిన గింజ ఆకారం అడవి గింజ నుంచి ఎలా మారుతుందో, మంచుయుగపు పొరల్లో ఆ మార్పు ఎందుకు కనిపించదో బొమ్మలు పెట్టి చెప్పాడు. ఇప్పటిదాకా ఆర్కియాలజిస్టులు పరిశీలించినవాటిలో తన నాగరికతకు ఆధారం లేదని హాన్‌కాక్ అక్కడ ఒప్పుకున్నాడు, ఇంకా తవ్వని చోట్లు బోలెడున్నాయన్నది ఆయన జవాబు. హొరైజన్ తర్వాత ఇన్నేళ్లకు రెండు పక్షాలూ ఇంతసేపు ఒకే తెర మీద కనిపించడం నేనైతే ఇదే చూశాను, అది కూడా ఏ ఛానెలూ ఏర్పాటు చేసింది కాదు.

అమెరికా సంఘం లేఖలో ఎక్కువ కోపం తెప్పించిన భాగం జాత్యహంకారం గురించినది, ఇలాంటి వాదనలు స్థానికులకు అన్యాయం చేసి జాత్యహంకారానికి ఊతమిస్తాయన్నది. హాన్‌కాక్ దాన్ని వ్యక్తిగత నిందగా తీసుకున్నాడు, ఆయన బాధ నాకు అర్థమవుతుంది, లేఖ ఆ మాటను ఇంకాస్త జాగ్రత్తగా రాసుండాల్సింది. కానీ మాట వెనకున్న చరిత్ర నిజం. ఒహాయో లోయలోని మట్టిదిబ్బలు అక్కడి ఆదివాసులు కట్టినవి కావని, మాయమైన వేరే జాతేదో కట్టిందని 19వ శతాబ్దంలో అమెరికా వలసదారులు చెప్పుకునేవాళ్లు. 1894లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ పరిశోధన సంస్థ తరఫున సైరస్ థామస్ నివేదిక దాన్ని కొట్టిపారేసింది. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 దాకా, నీళ్లు ముంచేలోపు తవ్వి తీసిన కట్టడాలను రేపెవరో వచ్చి మీవాళ్లవి కావు, దారినపోయే మహానుభావులు నేర్పిపోయారు అంటే మనకెలా ఉంటుందో ఆలోచించండి.

నెట్‌ఫ్లిక్స్ యూరప్ కేంద్రం నెదర్లాండ్స్‌లో ఉంది కాబట్టి 2024 దాకా బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చేతికి అది అందలేదు. 2024 మే 24న బ్రిటన్‌లో కొత్త మీడియా చట్టం వచ్చింది, పెద్ద స్ట్రీమింగ్ సంస్థలకు ఆఫ్‌కామ్ ఒక నియమావళి రాయాలని అందులో ఉంది. మన దగ్గర 2021 ఐటీ నియమాల కింద ఓటీటీలకు మూడంచెల ఫిర్యాదు ఏర్పాటు ఉంది, కానీ అందులో ముద్ర అంటే వయసు ముద్రే: యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ. డాక్యుమెంటరీ అని ఎవరైనా రాసుకోవచ్చు, మా వాడు దాన్ని చూసే అడిగాడు.