స్టవ్ పిన్నూ, స్టార్ట్ అవ్వని ఏటీవీ

మిషిగన్ నుంచి ఒక పాఠకుడు అడిగాడు. చలికాలమంతా షెడ్డులో పెట్టిన ఏటీవీ, అదే, నాలుగు లావుపాటి టైర్లతో పొలాల్లోనూ మంచులోనూ తిరిగే బండి, ఏప్రిల్‌లో బయటికి తీస్తే స్టార్ట్ అవ్వడం లేదట. బ్యాటరీ మార్చాడు, ప్లగ్ మార్చాడు. చోక్ లాగి సెల్ఫ్ కొడితే నాలుగు సెకన్లు ఏడుస్తుంది, చోక్ తోసెయ్యగానే ఆఫ్. ఇంజన్ విప్పించాలా అని టెన్షన్ పడుతున్నాడు.

అక్కర్లేదు. చోక్ ఉంటే బతికి, చోక్ తీస్తే పోయే బండి తన జబ్బేమిటో తనే చెప్పేస్తోంది. కిల్ స్విచ్, పెట్రోల్ ట్యాప్, న్యూట్రల్, బ్రేక్ నొక్కి పట్టుకోవడం, ఇవన్నీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి, వాటి జోలికి నేను పోను. ప్లగ్ మాత్రం చూడమన్నాను. పదిసార్లు సెల్ఫ్ కొట్టి విప్పిన ప్లగ్ తడిగా ఉంటే పెట్రోల్ లోపలికి వస్తున్నట్టు, అప్పుడు నిప్పు సంగతి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలే చాలడం లేదు. చోక్ లేకుండా కొట్టి చూస్తే అతని ప్లగ్ షాపులోంచి తెచ్చినప్పటిలాగే పొడిగా ఉంది.

ఇప్పుడు పంపు స్టవ్వు గుర్తు తెచ్చుకోండి. గ్యాస్ రాకముందు మా ఇంట్లో సగం వంట దానిమీదే. మంట ఎర్రగా మారి, పొగ కక్కి, గిన్నెల అడుగు మసి పట్టగానే అమ్మ స్టవ్ పిన్ను అందుకునేది. సన్నటి రేకు చివర వెంట్రుకంత తీగ, దాన్ని నిపిల్ రంధ్రంలో ఒక్కసారి గుచ్చి తీస్తే మళ్ళీ నీలి మంట. అంత పెద్ద స్టవ్వూ, ట్యాంకు నిండా కిరోసినూ, పంపు కొట్టే మనిషీ, అందరూ ఆ ఒక్క రంధ్రం దయమీద బతకాలి. స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ ఆ తరహా స్టవ్వు తయారుచేసింది 1892లో, జర్మనీలో మేబాక్ జెట్ అనే సన్న రంధ్రం నుంచి పెట్రోల్ చిమ్మే కార్బురేటర్, అదే, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం, తెచ్చింది 1893లో. ఇద్దరికీ పరిచయం ఉందో లేదో గానీ ఇద్దరూ నమ్ముకున్నది మాత్రం ఒక్కటే, ఒక సన్న రంధ్రం.

కార్బురేటర్లో అలాంటివి ముఖ్యంగా రెండుంటాయి, మెయిన్ జెట్, పైలట్ జెట్. రెండోదాన్ని మన మెకానిక్‌లు స్లో జెట్ అంటారు. బండి స్టార్ట్ అవ్వడానికీ, నిలబడి టకటకమని ఆడడానికీ ఈ స్లో జెట్టే దిక్కు. కొన్ని కంపెనీల స్లో జెట్ మీద 38 అని అంకె ఉంటుంది, అంటే రంధ్రం వ్యాసం 0.38 మిల్లీమీటర్లు. దాని లోపలి గోడ చుట్టూ 0.05 మిల్లీమీటర్ల పొర పేరుకుందనుకోండి, వెంట్రుక మందం కూడా ఉండదు. వ్యాసం 0.28కి పడిపోతుంది. పెట్రోల్ ధార వ్యాసాన్ని బట్టి కాదు, దాని వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి 0.28ని 0.38తో భాగించి వర్గం చేస్తే 0.54. వెంట్రుక కంటే పల్చటి పొర దాదాపు సగం పెట్రోల్ ఆపేసింది! మెయిన్ జెట్ రంధ్రం 1.1 మిల్లీమీటర్లు ఉంటే, అదే పొరకి దాని దారి పదిహేడు శాతమే తగ్గుతుంది, పెద్దగా తేడా తెలీదు. వర్గం అంటే ఏమిటో పిల్లలకి చతురస్రాలు గీసి చెప్తాం, ఒక్క మూసుకుపోయిన జెట్ చేతికిస్తే జన్మలో మర్చిపోరు.

ఆ పొర ఎక్కడిది? వంటింట్లోకే వెళ్దాం. నూనె సీసా మూతి చుట్టూ, మూకుడు అంచున గోధుమ రంగు జిగురు పట్టి, ఎంత తోమినా పోదు చూశారా. నూనె అణువుల్లో ఉన్న ద్విబంధాల దగ్గర గాలిలోని ఆక్సిజన్ చేరి, పెరాక్సైడ్లు ఏర్పడి, ఒక అణువు పక్క అణువుని పట్టుకుని గొలుసులైపోతాయి. పెట్రోల్లోనూ ఒలిఫిన్లని ద్విబంధాలున్న హైడ్రోకార్బన్లు ఉంటాయి, వాటి గతీ అదే. కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గిన్నెలో మిగిలిన పెట్రోల్లోంచి పెంటేన్ లాంటి తేలికవి ముందు ఆవిరైపోతాయి. చలిలో ముందుగా అంటుకోవాల్సింది అవే, అవి పోయాక మిగిలేది బరువైన సరుకూ, ఈ జిగురూ. మూత తీస్తే పెట్రోల్ వాసన కాదు, కొత్తగా వార్నిష్ వేసిన తలుపు వాసన వస్తుంది.

మరి చోక్ వేస్తే ఎందుకు ఏడుస్తుంది? పంపు స్టవ్‌లో కిరోసిన్‌ని మనం గాలితో తోస్తాం, కార్బురేటర్లో ఇంజనే పీలుస్తుంది. యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు థ్రాటిల్ తలుపు దాదాపు మూసి ఉంటుంది, పిస్టన్ పీల్పంతా ఆ తలుపు వెనకే, సరిగ్గా స్లో జెట్ బాట బయటపడే చోట పేరుకుంటుంది. అందుకే సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ తెగ ఇవ్వకూడదు, తలుపు తెరిస్తే అక్కడి పీల్పు పోతుంది. చోక్ గాలి వచ్చే దారినే మూస్తుంది, దాంతో కార్బురేటర్ గొంతు, అంటే గాలి వెళ్ళే గొట్టం, మొత్తం పీల్పుకి గురై మెయిన్ జెట్ కూడా పెట్రోల్ కక్కుతుంది. కొన్ని బండ్లలో చోక్‌కి పెట్రోల్ వేరే బాటలో వస్తుంది. ఎలాగైనా స్లో జెట్ ప్రమేయం లేకుండా ఇంజన్ కాసేపు బతుకుతుంది.

పాత రెండు స్ట్రోకుల స్కూటర్‌ని పక్కకి వంచి, లేపి, కిక్ కొట్టేవాళ్ళని చూసి మూఢనమ్మకం అనుకునేవాణ్ణి. నిజానికి వంచితే ఫ్లోట్ స్థానం మారి గిన్నెలోకి ఇంకాస్త పెట్రోల్ దిగుతుంది, కొంచెం పొంగి గొంతులోకీ పోతుంది. వాళ్ళకి తెలియకుండానే అది చోక్. ముందు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల వల్ల పెట్రోల్ ఏమీ దిగదు గానీ దసరాకి పూజ పేరుతోనైనా బండి కడుగుతారు, నాకేం అభ్యంతరం లేదు.

మిషిగన్ పాఠకుడికి చెప్పిందిదీ: పాత పెట్రోల్ మొత్తం తీసెయ్. గిన్నె విప్పి, స్లో జెట్ ఊడదీసి, కార్బురేటర్ క్లీనర్లో నానబెట్టి, గాలి కొట్టి, లైటు ముందు పట్టుకుని చూడు. గుండ్రటి చుక్క కనపడాలి, నెలవంక కాదు. స్టవ్ పిన్ను మాత్రం గుచ్చొద్దు. జెట్ ఇత్తడి, పిన్ను ఉక్కు. నా బండికి ఒక మెకానిక్ అలాగే గుచ్చాడు. రంధ్రం 0.38 నుంచి 0.42కి పెరిగినా ధార ఇరవై రెండు శాతం పెరిగినట్టే. ఆ బండి తర్వాత రెండేళ్ళు నల్లపొగ వదులుతూ తిరిగింది.

రెండుసార్లు నానబెట్టినా నెలవంకే కనపడిందట. మూడోసారి రాత్రంతా ఉంచితే చుక్క వచ్చింది, చోక్ తోసేసినా బండి ఆగలేదు. వచ్చే నవంబర్లో షెడ్డులో పెట్టేముందు పెట్రోల్ ట్యాప్ కట్టేసి, గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఖాళీ చెయ్యమన్నాను. స్క్రూ ఎక్కడుందో ఫోటో తీసి పంపాడు, దానిమీదా అదే గోధుమ రంగు జిగురు.