గిన్నె ఖాళీగా ఉన్నా మళ్ళీ ఎందుకొస్తుంది?

ఒక పాఠకురాలు అడిగారు: "పెరట్లో కుక్కకి పెట్టిన తిండి రాత్రికి తీసేస్తాం. ఎప్పుడైనా వారానికి ఒకసారి మర్చిపోతామేమో, అంతే. అయినా ఏదో అడవి జంతువు రోజూ రాత్రి వచ్చి గిన్నె దొర్లించి పోతోంది. రోజూ వదిలేసేవాళ్ళ ఇంటికి వచ్చిందంటే అర్థముంది, మా ఇంటికెందుకు?"

జవాబు ప్రశ్నలోనే ఉంది. వారానికి ఒకసారి మర్చిపోతున్నారు కాబట్టే వస్తోంది.

ముందు మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. బయట వదిలిన తిండికి నక్కలు, ఎలుకలు, పందికొక్కులు, రాకూన్లు (ముందు కాళ్ళని చేతుల్లా వాడే ఉత్తర అమెరికా జంతువులు), కాకులు, ఇలా ఎక్కడ ఏవి ఉంటే అవి వస్తాయి. అవి వచ్చిన చోట మన జంతువుతో కొట్లాట, రేబిస్ భయం, మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ ఎలాగూ ఉంటాయి. జబ్బు అటు నుంచి ఇటే వస్తుందని అనుకోకండి. 1994లో సెరెంగెటి సింహాల్లో దాదాపు మూడో వంతు చచ్చిపోయింది డిస్టెంపర్ వైరస్ వల్ల, అది చుట్టుపక్కల పెంపుడు కుక్కల్లో తిరిగే వైరస్సే. కాబట్టి ఒకే గిన్నెలో రెండు లోకాల మూతులు పెట్టకూడదు. ఇక నాకు నచ్చిన విషయానికి వస్తాను.

రోజూ ఠంచనుగా ఎనిమిదింటికి వచ్చే బస్సు ఒకరోజు ఎనిమిదిన్నరైనా రాలేదనుకోండి. ఏదో అయింది, ఇక రాదు అని నడక మొదలుపెడతాం. అదే, ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి అనే బస్సైతే గంట దాటినా అక్కడే నిలబడతాం, ఎందుకంటే గంట ఆలస్యం దానికి మామూలే, ఆ ఆలస్యం మనకి కొత్తగా ఏమీ చెప్పదు. నిజంగానే ఆ బస్సు రద్దయిపోయినా ఆ సంగతి మనకి తెలిసేసరికి చాలా రోజులు పడుతుంది. నమ్మకమైన బస్సు మీద ఆశ తొందరగా వదులుకుంటాం, నమ్మకం లేని బస్సు కోసం పడిగాపులు కాస్తాం. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ లెక్క వేస్తే సరిగ్గా ఇలాగే వస్తుంది.

లెక్క చూద్దాం. ఒక ఇంట్లో పది రాత్రుల్లో తొమ్మిది రాత్రులు తిండి బయటే ఉంటుంది. అక్కడికి అలవాటు పడ్డ జంతువుకి ఒక రాత్రి గిన్నె ఖాళీగా కనిపించే అవకాశం 0.1. వరసగా రెండు రాత్రులు ఖాళీ అంటే 0.1ని 0.1తో గుణించాలి, 0.01, అంటే నూటికి ఒకటి. ఇంత అరుదైనది జరిగిందంటే పరిస్థితి మారినట్టే. ఇప్పుడు అయిదు రాత్రులకి ఒకసారి మాత్రమే మర్చిపోయే ఇల్లు. అక్కడ ఒక రాత్రి ఖాళీ అయ్యే అవకాశం 0.8. వరసగా అయిదు రాత్రులు ఖాళీగా ఉండే అవకాశం 0.8ని అయిదుసార్లు గుణిస్తే 0.33 దగ్గర. అంటే అయిదు ఖాళీ రాత్రుల తర్వాత కూడా ఆ జంతువుకి "ఇది మామూలే" తప్ప వేరే సమాచారం ఏమీ అందలేదు. నూటికి ఒకటి దాకా రావాలంటే వరసగా 21 రాత్రులు కావాలి. వారానికి ఒకసారి మర్చిపోయే ఇంట్లో అయితే 30 రాత్రులు. పదిలో తొమ్మిది రాత్రులు వదిలేసే బద్ధకస్తుడి ఇంట్లో రెండు రాత్రుల్లో తెలిసిపోయే సంగతి, జాగ్రత్తపరులైన మీ ఇంట్లో తెలియడానికి నెల!

నక్క కూర్చుని గుణకారాలు చేస్తుందని నా ఉద్దేశం కాదు. కానీ దాని ప్రవర్తన అటే మొగ్గుతుంది, మనదీ అంతే. 1939లో లాయిడ్ హంఫ్రీస్ అనే మనస్తత్వవేత్త మనుషుల కనురెప్పల మీద ఒక ప్రయోగం చేశాడు. కాంతి కనిపించగానే కంటి మీద గాలి ఊదుతారు, కొన్నాళ్ళకి కాంతి కనబడితే చాలు, కన్ను దానంతటదే మూసుకుంటుంది. కొందరికి ప్రతిసారీ గాలి ఊదారు, కొందరికి సగం సార్లే. తర్వాత గాలి పూర్తిగా ఆపేస్తే, ప్రతిసారీ గాలి తగిలినవాళ్ళు తొందరగా మానేశారు, సగం సార్లు తగిలినవాళ్ళు చాలాసేపు కళ్ళు మూస్తూనే ఉన్నారు. ఎలుకల్లో, పావురాల్లో కూడా ఇదే తేలింది. పాక్షిక బహుమతి ప్రభావం అంటారు దీన్ని. బడిలో పావ్లోవ్ కుక్క, గంట, లాలాజలం అని ఒక బొమ్మ వేసి ఊరుకుంటారు (ఆయన మెట్రోనోములు, బజర్లు కూడా చాలా వాడాడు, బొమ్మలో మాత్రం ఎప్పుడూ గంటే). అప్పుడప్పుడు దొరికే బహుమతే అలవాటుని గట్టిపరుస్తుందనే, బతుకులో రోజూ పనికొచ్చే ఈ రెండో భాగం మాత్రం పాఠంలో కనబడదు, పరీక్షలో రాదు కాబోలు.

ఇది పట్టుకుంటే, ఆరుబయట పెంపుడు జంతువు తిండిని కాపాడే ఉపాయాలన్నిటినీ ఒకే ప్రశ్నతో తూచవచ్చు: బయటి జంతువుకి తిండి దొరికే అవకాశాన్ని ఈ ఉపాయం నిజంగా సున్నా చేస్తుందా, లేక తగ్గించి వదిలేస్తుందా? తగ్గించి వదిలేసేదైతే మనం డబ్బు పెట్టి దానికి ఓపిక నేర్పిస్తున్నట్టే.

ఉదాహరణకి వదులు మూత డబ్బా. రాకూన్ చేతుల్ని దగ్గర నుంచి చూస్తే భయమేస్తుంది. కళ్ళు ఎటో చూస్తుంటాయి, ముందు కాళ్ళ వేళ్ళు మాత్రం మూత అంచు చుట్టూ తడుముతూ పోతాయి, ఎక్కడ సందు తగిలితే అక్కడ ఆగుతాయి. 1907లో అచ్చయిన హెచ్.బి. డేవిస్ అధ్యయనంలో రాకూన్లు 13 రకాల తాళాల పెట్టెల్లో 11 తెరిచేశాయి. అలాంటి దానికి పదిసార్లలో ఒకసారి ఊడే గడియ పెట్టడం కన్నా పెద్ద పాఠం ఏముంటుంది? గడియ పెడితే రెండు వేర్వేరు కదలికలు ఒకేసారి చేస్తే తప్ప రానిది పెట్టాలి, లేదా డబ్బా ఇంట్లోకే తెచ్చుకోవాలి.

చిప్ చదివి తెరుచుకునే గిన్నెలు వచ్చాయి ఇప్పుడు. ఇక్కడ కాస్త ఫిజిక్స్ తప్పదు. పెంపుడు జంతువు చర్మం కింద గుర్తింపు కోసం పెట్టించిన బియ్యపు గింజంత చిప్ ఉంటుంది, దానిలో బ్యాటరీ ఉండదు. గిన్నెలోని తీగచుట్ట 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత క్షేత్రాన్ని ఊపుతుంది, ఆ ఊపు చిప్‌లోని చిన్న చుట్టలో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటుతోనే చిప్ మేల్కొని తన నంబరు చెబుతుంది. 128 బిట్ల సందేశం, సెకనుకి సుమారు 4,194 బిట్ల వేగం, అంటే మొత్తం 30 మిల్లీసెకన్ల పని. చుట్ట నుంచి కాస్త దూరం జరిగితే చాలు, ఈ క్షేత్రం దూరపు ఘనంతో పడిపోతుంది. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతు, మూడు రెట్లైతే ఇరవైయేడో వంతు. అందుకే తల గిన్నె మీదికి వంచితే తప్ప మూత తెరుచుకోదు. నాకు బాగా నచ్చిన యంత్రం ఇది, ఎందుకంటే బయటి జంతువు వైపు నుంచి చూస్తే అవకాశం సున్నా. కానీ మన పిల్లి తిని పక్కకి జరిగాక మూత పడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సందులో ఒక్కసారి తల దూర్చగలిగిన జంతువుకి మళ్ళీ అదే కథ. మూత ఎంత తొందరగా పడేలా పెట్టుకోగలిగితే అంత మంచిది, అయితే భయపడే పిల్లికి అది చప్పున పడితే తిండే మానేస్తుంది, కాబట్టి మెల్లగా అలవాటు చేయాలి.

కారం చల్లమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. మిరపలోని క్యాప్సైసిన్ నరాల్లోని టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తెరుస్తుంది, 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునేదీ అదే, మంట అనిపించేది అందుకే. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దాన్ని పట్టుకుంది, ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది. ఈ గ్రాహకం కుక్కకీ పిల్లికీ నక్కకీ ఎలుకకీ ఉంది. పక్షుల్లోనూ ఉంది కానీ వాటిది క్యాప్సైసిన్‌కి స్పందించదు. కాబట్టి పక్షుల గింజల్లో కారం కలిపితే ఉడుతల్ని ఆపవచ్చు, కుక్క గిన్నెలో కలిపితే కుక్క మానేస్తుంది, కాకి హాయిగా తింటుంది. అల్ట్రాసౌండ్ పెట్టెలదీ ఇదే గొడవ. కుక్క దాదాపు 45 కిలోహెర్ట్జ్ దాకా, పిల్లి 85 దాకా వింటాయి, తిండి దగ్గర ఆ మోత పెట్టడమంటే మనవాటినే తరమడం. పోనీ బయటివి పారిపోతాయా అంటే, మోత వెనక నిజమైన ప్రమాదం లేదని తేలగానే అవి దాన్ని పట్టించుకోవడం మానేస్తాయి.

మరి నాఫ్తలీన్ ఉండలు పెట్టాను, పని చేసింది అనేవాళ్ళ మాటేమిటి? 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఆకలితో ఉన్న పావురాలకి, అవి ఏం చేసినా చేయకపోయినా కొన్ని సెకన్లకోసారి గింజలు అందేలా పెట్టాడు. ఒకటి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది, ఇంకోటి తల ఊపడం, తమ చేష్ట వల్లే గింజలు వస్తున్నట్టు. ఆయన దాన్ని మూఢనమ్మకం అన్నాడు. (తర్వాత 1971లో స్టాడన్, సిమ్మెల్‌హాగ్ మళ్ళీ చూసి, ఆ చేష్టల్లో చాలావరకు తిండి కోసం ఎదురుచూసే పావురం సహజంగా చేసేవే అన్నారు, ఆ గొడవ ఇంకో రోజు.) ఉండలు పెట్టిన రాత్రి జంతువు రాలేదు, బాగుంది. ఇంకో రాత్రి వచ్చింది, ఉండలు పాతబడ్డాయేమో అని కొత్తవి పెడతాం. అప్పుడప్పుడు దొరికే ఫలితంతో గట్టిపడే అలవాటు నక్కకి ఒక్కదానికే కాదు, మనకీ పడుతుందన్నమాట. పైగా నాఫ్తలీన్ మింగితే కుక్కల్లో, పిల్లుల్లో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కాబట్టి ఈ మూఢనమ్మకం ఖరీదు మామూలుది కాదు. దయచేసి పెట్టకండి.

నన్నడిగితే అన్నిటికన్నా గట్టి మూత గడియారం. 1922లోనే కర్ట్ రిక్టర్ గమనించాడు, రోజూ ఒకే వేళకి తిండి పెడితే ఎలుకలు ఆ వేళకి ముందే పరుగులు మొదలుపెడతాయని. పగలు రాత్రి తేడా చూసుకునే మెదడు భాగం దెబ్బతిన్నా ఈ తిండి గడియారం నడుస్తూనే ఉంటుంది. అంటే మన జంతువుకి పట్టపగలు ఒకే వేళకి పెట్టి, అరగంటలో గిన్నె ఎత్తేస్తే, కొద్ది రోజుల్లో అదే ముందొచ్చి కూర్చుంటుంది. బయటి గడుసు జంతువులూ ఆ వేళ నేర్చుకోగలవు, నిజమే, కానీ రాత్రి తిరిగేవాటికి పగలు మనుషుల మధ్యకి రావడం కష్టం. కుక్కలకి ఇది తేలిక. పిల్లులతో కష్టం, వాటి సహజమైన పద్ధతే రోజంతా చిన్న చిన్న ముద్దలు తినడం, వాటికి పగటిపూట రెండు మూడు వేళలు పెట్టాల్సి వస్తుంది.

ఎత్తేయడం అంటే గింజలు తీసేయడం ఒక్కటే కాదు. ఒక కిబుల్ (కుక్కలకి, పిల్లులకి పెట్టే పొడి తిండి) గింజని వేళ్ళ మధ్య నలిపి చూడండి, జిడ్డు అంటుకుంటుంది. రుచి కోసం కొవ్వునీ ప్రోటీన్ ద్రవాన్నీ తయారీ చివర్లో పైపైనే చల్లుతారు, వాసనంతా అక్కడే ఉంటుంది. ఆ జిడ్డు గిన్నె అంచుకి, గిన్నె కింద నేలకి పట్టి ఉంటుంది. సబ్బుతో కడగని ఖాళీ గిన్నె కూడా నక్క ముక్కుకి సగం నిండిన గిన్నే. గిన్నె కింద దొర్లిన నాలుగు గింజలు దొరికాయా, అదీ ఒక బహుమతి కిందే లెక్క.

ఇక ఆ పాఠకురాలికి, ఈ రాత్రి నుంచి మొదలుపెడితే ఏమవుతుందో ముందే చెప్పేస్తాను. మొదటి కొన్ని రాత్రులు గొడవ తగ్గకపోగా పెరగవచ్చు. గిన్నె తిరగేయడం, డబ్బా గీకడం, ఇంకాస్త తొందరగా రావడం. రావాల్సిన బహుమతి ఆగిపోతే జంతువు అదే పనిని ముందు ఇంకా గట్టిగా చేస్తుంది. సరిగ్గా ఇప్పుడే "ఈ పద్ధతి పనిచేయట్లేదు" అని చాలామంది వదిలేస్తారు, ఆ వదిలేసిన రాత్రి గట్టిగా గీకితే దొరుకుతుందని కూడా దానికి నేర్పినవాళ్ళవుతారు. మీ లెక్క వారానికి ఒకటి కాబట్టి నెల రోజులు చూడండి. పక్కింటివాళ్ళు కూడా గిన్నె బయట వదిలేవాళ్ళైతే వాళ్ళతో మాట్లాడండి, జంతువుకి రెండు పెరళ్ళూ ఒకటే. అంతా ఆగిపోయాక కొన్ని వారాలకి ఒక రాత్రి మళ్ళీ వచ్చి చూసిపోతే టెన్షన్ పడకండి, మానేసిన అలవాటు కొంతకాలం తర్వాత తనంతట తాను ఒకసారి తలెత్తుతుందని పావ్లోవ్ కుక్కల్లోనే తేలింది. ఆ ఒక్క రాత్రి గిన్నె లోపలుంటే చాలు.