షెంగెన్‌లో బోర్డర్ లేదంటే పాస్‌పోర్ట్ అక్కర్లేదనా? యూరప్ టూర్లలో అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ నుంచి యూరప్‌కు గ్రూపులను తీసుకెళ్లడం నా పని. "ఒక్క వీసా వచ్చిందంటే చాలు, ఇక యూరప్ అంతా మనదే కదా బాబూ" అని ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు అంటారు. అది సగం నిజం. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే ఊరి దగ్గర, మొసెల్ నదిలో నిలిపిన ఓడలో ఐదు దేశాలు తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేద్దామని ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1995 మార్చి 26 నుంచి లోపలి సరిహద్దుల్లో తనిఖీలు ఎత్తేయడం మొదలైంది. ఆ షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియని మిగతా సగం దగ్గరే మనవాళ్లు ఇబ్బంది పడుతున్నారు.

అపోహ: లోపల చెకింగ్ ఉండదు కాబట్టి పాస్‌పోర్ట్ పెట్టెలో ఉన్నా ఫర్వాలేదు

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కంగారు పెట్టే అపోహ ఇదే. సరిహద్దు దాటే ప్రతి మనిషినీ ఆపి చూసే పద్ధతిని మాత్రమే షెంగెన్ చట్టం తీసేసింది. కాగితాలు చూపించమని అడిగే అధికారం పోలీసులకు అలాగే ఉంది. పైగా భద్రత పేరుతోనో, వలసల పేరుతోనో ఏ దేశమైనా తాత్కాలికంగా తనిఖీలు మళ్లీ పెట్టుకోవచ్చు. ఫ్రాన్స్ 2015 నవంబర్‌లో పెట్టి, అప్పటినుంచి పొడిగిస్తూనే వస్తోంది. జర్మనీ ఆస్ట్రియా వైపు 2015లోనే మొదలుపెట్టింది. 2024 సెప్టెంబర్ 16 నుంచి తన భూ సరిహద్దులన్నిటికీ విస్తరించింది.

ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నుంచి జర్మనీలోని మ్యూనిక్ వెళ్లేటప్పుడు కూఫ్‌స్టైన్ దాటగానే జర్మనీ సరిహద్దు ఊరు కీఫర్స్‌ఫెల్డెన్ వస్తుంది. అక్కడ కోచ్‌ను పక్కకు తిప్పిస్తే డ్రైవర్ లోపలి లైట్లన్నీ వేస్తాడు. పోలీసులు ఎక్కి ముందు సీటు నుంచి వరసగా వస్తారు. ఫోటో చూస్తారు, మొహం చూస్తారు, వీసా పేజీ తిప్పి చూసి ఇచ్చేస్తారు. అందరి చేతుల్లోనూ పాస్‌పోర్టులు ఉంటే త్వరగానే పంపించేస్తారు. ఒక్కరిది డిక్కీలో ఉందంటే మాత్రం బండి మొత్తం ఆగిపోతుంది. డిక్కీ తెరిపించాలి, పెట్టెలు దించాలి, అందులో వాళ్ల పెట్టె వెతకాలి. మన అమ్మ వయసు ఆవిడ చలిలో రోడ్డు పక్కన నిలబడి, పోలీసు చూస్తుండగా వణికే చేతులతో నంబర్ లాక్ తిప్పుతుంటే చూడటం నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఆవిడ చేసిన తప్పేమీ లేదు. "బోర్డర్ ఉండదు" అని ఎవరో చెప్పారు, ఆవిడ నమ్మింది.

జిరాక్స్, ఫోన్లో ఫోటో రెండూ దగ్గర ఉంచుకోండి. కానీ అవి ఒరిజినల్‌కు బదులు కావు. దొంగల భయంతో పెట్టెలో పెడుతున్నారని నాకు తెలుసు. మెడలో వేసుకుని చొక్కా లోపల దాచుకునే చిన్న పర్సులు దొరుకుతాయి, అవి వాడండి. నిజంగా పోతే మాత్రం వెంటనే అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేసి, ఆ కాగితంతో మన రాయబార కార్యాలయానికి వెళ్లాలి. వాళ్లిచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి రావడానికే పనికొస్తుంది, టూర్ కొనసాగించడానికి కాదు.

రైళ్లలోనూ ఇంతే. ఇటలీలోని వెంటిమిలియా నుంచి నీస్ వెళ్లే రైల్లో మాంటన్ దగ్గర ఫ్రెంచ్ పోలీసులు ఎక్కుతుంటారు. విమానాల విషయానికొస్తే షెంగెన్ దేశాల మధ్య ఇమ్మిగ్రేషన్ ఉండదు గానీ, బోర్డింగ్ పాస్ మీది పేరును పాస్‌పోర్ట్‌తో పోల్చి చూసే ఎయిర్‌లైన్లు ఉన్నాయి.

అపోహ: దారిలో పోలీసులు చూశారంటే సింగిల్ ఎంట్రీ అయిపోయినట్టే

కాదు. సింగిల్ ఎంట్రీ అంటే షెంగెన్‌లోకి ఒక్కసారే రానిచ్చే వీసా. లోపలి సరిహద్దులో చూసినంత మాత్రాన స్టాంప్ వేయరు, దాన్ని ఎంట్రీగా లెక్కపెట్టరు. షెంగెన్ బయటికి వెళ్లి తిరిగి వస్తేనే రెండో ఎంట్రీ. అసలు ప్రమాదం అక్కడుంది. పారిస్ నుంచి లండన్ వెళ్లొద్దామనుకున్నా, డబ్లిన్‌లో ఉన్న అబ్బాయిని చూసొద్దామనుకున్నా షెంగెన్ దాటినట్టే. ఆ రెండింటికీ వేరే వీసా కావాలి, తిరిగి రావడానికి షెంగెన్ వీసా మీద ఇంకో ఎంట్రీ మిగిలి ఉండాలి. క్రొయేషియాలో స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్‌కు పాత తీరం రోడ్డు మీద వెళ్తే మధ్యలో నెయుమ్ దగ్గర షెంగెన్‌లో లేని బోస్నియా నేల తగులుతుంది. 2022లో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక ఆ బాధ తప్పింది. సొంతంగా కారు అద్దెకు తీసుకునేవాళ్లు మ్యాప్‌లో ఆ దారి సరిచూసుకోవాలి.

అపోహ: వీసా మీదున్న చివరి తేదీ దాకా ఉండొచ్చు

స్టిక్కర్ మీద మూడు విషయాలు విడివిడిగా ఉంటాయి: ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని ఎంట్రీలు, ఎన్ని రోజులు. ప్రయాణం కాస్త అటూ ఇటూ అయినా ఇబ్బంది లేకుండా సాధారణంగా 15 రోజులు అదనంగా కలిపి తేదీలు ఇస్తారు. అంటే తేదీల మధ్య 27 రోజులు కనిపించినా, ఉండనిచ్చేది 12 రోజులే కావచ్చు. రోజుల గడిలో ఉన్న అంకెదే చివరి మాట.

మల్టిపుల్ ఎంట్రీ ఉన్న తల్లిదండ్రులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఏ రోజున చూసినా, ఆ రోజుతో కలిపి వెనక్కి 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. వచ్చిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. ఏప్రిల్ 1న మ్యూనిక్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చి జూన్ 29న వెళ్లారనుకోండి, 90 రోజులూ అయిపోయాయి. "మధ్యలో రెండు నెలలు ఇండియాలో ఉన్నాం కదా" అని సెప్టెంబర్ మొదట్లో దిగితే కుదరదు. వెనక్కి లెక్కేస్తే ఆ ఏప్రిల్, మే, జూన్ రోజులన్నీ ఇంకా ఆ 180లోనే ఉన్నాయి. మళ్లీ అడుగుపెట్టగలిగేది సెప్టెంబర్ 28న. వీసాకు ఐదేళ్ల గడువున్నా ఈ లెక్క మారదు. ఒక్కరోజు షెంగెన్‌లో లేని సెర్బియా వెళ్లొస్తే మీటర్ సున్నాకు వస్తుందన్నది కూడా ఒట్టి మాటే.

2025 అక్టోబర్ 12 నుంచి బయటి సరిహద్దుల్లో ఈఈఎస్ (ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్) అనే ఎలక్ట్రానిక్ విధానం దశలవారీగా మొదలైంది. ముఖం ఫోటో తీసి, వచ్చిన రోజూ వెళ్లిన రోజూ కంప్యూటర్లో ఎక్కిస్తారు, దాంతో పాస్‌పోర్ట్‌పై స్టాంప్ వేసే పద్ధతి పోతుంది. ఇకముందు స్టాంప్ మసకగా పడిందన్న మాట చెల్లదు, ఒక్కరోజు ఎక్కువున్నా వ్యవస్థే చూపిస్తుంది.

అపోహ: యూరోపియన్ యూనియన్, షెంగెన్ ఒకటే

ఐర్లాండ్ యూనియన్‌లో ఉంది, షెంగెన్‌లో లేదు. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్ షెంగెన్‌లో ఉన్నాయి, యూనియన్‌లో లేవు. స్విస్ బోర్డర్ దగ్గర బండి ఆపితే చాలాసార్లు అది కస్టమ్స్ చెకింగ్. వాళ్లు చూసేది మనుషుల వీసాలకన్నా సామాను. రొమేనియా, బల్గేరియాల్లో భూ సరిహద్దుల తనిఖీలు 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు.

అపోహ: వీసా ఇచ్చిన దేశంలోనే దిగాలి

అక్కర్లేదు. ఎక్కువ రోజులు గడిపే దేశం దగ్గర వీసా తీసుకోవాలి, దిగడం ఎక్కడైనా దిగొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రోమ్ వెళ్తుంటే ఇమ్మిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అవుతుంది, అందుకే కనెక్టింగ్ విమానానికి గంట మాత్రమే ఉన్న టికెట్ కొనొద్దని గట్టిగా చెబుతాను. అక్కడి ఆఫీసర్ ఎన్ని రోజులు, ఎక్కడుంటారు, తిరుగు టికెట్ ఏది అని అడగవచ్చు. వీసా ఉన్నా, సరైన సమాధానం లేకపోతే వెనక్కి పంపే అధికారం ఆయనకు ఉంది. హోటల్ బుకింగులు, ఇన్సూరెన్స్ కాగితం చేతి బ్యాగులో పెట్టుకోండి. ఇంగ్లీషు రాని పెద్దవాళ్లను పంపుతుంటే, పిల్లల చిరునామా, ఫోన్ నంబర్, తిరుగు ప్రయాణం తేదీ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి పాస్‌పోర్ట్‌లోనే పెట్టి పంపండి.