నల్ల డబ్బా కింద అక్షరాలు పోవు

పత్రంలో ఇవ్వకూడని వివరం ఒకటి ఉందని మొత్తం పత్రాన్నే నిరాకరించనక్కర్లేదు, ఆ ముక్క తీసేసి మిగతాది ఇవ్వొచ్చంటుంది 2005 సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్. కాగితాల మీద ఈ పని నల్ల స్కెచ్ పెన్నుతో జరిగేది. కొట్టేసిన కాగితాన్ని వెలుతురుకు పట్టుకుంటే అక్షరాలు కనబడతాయి కాబట్టి దాని జిరాక్సే ఇవ్వాలి. పీడీఎఫ్ వచ్చాక స్కెచ్ పెన్ను అలవాటు తెర మీదికొచ్చింది. చిక్కు అక్కడే.

పీడీఎఫ్‌లో రాత వేరు, దానిమీద గీసిన నల్ల డబ్బా వేరు; డబ్బా కింద రాత అలాగే ఉంటుంది. 2000 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్, 1953లో ఇరాన్ ప్రభుత్వాన్ని కూల్చిన కుట్రపై అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రాసుకున్న చరిత్రను వెబ్‌లో పెట్టింది. కుట్రకు సాయపడ్డవాళ్ల కుటుంబాలకు ముప్పు రాకూడదని పేర్లు కప్పింది. నెమ్మదైన కంప్యూటర్లో ముందు పేజీ, ఆ తర్వాత డబ్బాలు వచ్చేవి. మధ్యలో ఆపితే పేర్లన్నీ బయటే. 2005లో బాగ్దాద్ విమానాశ్రయం దారిలో ఇటలీ నిఘా అధికారి నికోలా కాలిపారి అమెరికా సైనికుల కాల్పుల్లో చనిపోయారు. ఆ విచారణ నివేదికలో కప్పిన భాగాలు కాపీ, పేస్ట్‌తోనే చదివేశారు. అదే ఏడాది డిసెంబరులో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ, వివరాలు సరిగ్గా ఎలా తీసేయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా 2019 జనవరిలో ట్రంప్ 2016 ఎన్నికల ప్రచారాన్ని కొన్నాళ్లు నడిపిన పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టుకిచ్చిన పత్రంలో సరిగ్గా ఇదే తప్పు చేశారు.

ఎన్ఎస్ఏ చెప్పిన పద్ధతి ఇప్పటికీ మంచిదే. వర్డ్ ఫైల్ నకలులో వివరాన్ని చెరిపి, ఆ చోట ‘తొలగించాం’ అని రాసి, అంతా కొత్త ఖాళీ ఫైల్లో పేస్ట్ చేశాకే పీడీఎఫ్ చేయాలి. పీడీఎఫ్ ఒక్కటే ఉంటే రాతను నిజంగా చెరిపే రెడాక్ట్ టూల్‌తో గుర్తుపెట్టి ‘అప్లై’ నొక్కాలి. గుర్తుపెట్టి సేవ్ చేసి వదిలేస్తే ఒక్క అక్షరమూ పోదు. స్కాన్ కాపీలు ఇంకా మోసకారివి, బొమ్మ మీద నలుపు పూసినా వెనక ఓసీఆర్ రాత, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చదివి దాచిన రాత, మిగిలే ఉండొచ్చు. చివరగా కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, తీసేసిన పేరును వెతకాలి. ఈ పరీక్షకు నిమిషం చాలు.

మన దగ్గర దెబ్బ ప్రభుత్వ పథకాల లబ్ధిదారుల జాబితాల్లో తగిలింది. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ నివేదిక 4 ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించి, దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని అంచనా వేసింది. వాటిలో 2 ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులు, చంద్రన్న బీమా. కేంద్ర పింఛన్ల పోర్టల్లో వివరాలు కప్పే ఉన్నా, అడ్రస్ బార్‌లో ‘నోలాగిన్’ను ‘లాగిన్’గా మారిస్తే పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకున్నాయి. సగం కప్పడంలోనూ ప్రమాదముంది. ఒక జాబితా మొదటి 8 అంకెలు, మరొకటి చివరి 4 దాస్తే, రెండూ పక్కపక్కన పెట్టినవాడికి 12 అంకెలూ దొరుకుతాయి. అందుకే శాఖలన్నీ మొదటి 8 అంకెలే దాచాలి.