మట్టిగిన్నె అడుగున ‘బీఎల్’ అని ఉంటే, ఇంగ్లండ్‌లో పేరున్న కుండల కళాకారుడు బెర్నార్డ్ లీచ్ చేసినట్టేనా?

అపోహ: ముద్ర దొరికితే చేసినవాళ్లు దొరికినట్టే.

ఎక్కువ మంది చేతులు కాల్చుకునేది ఇక్కడే. కాకినాడలో ఒకబ్బాయి పాత సామాన్ల కొట్లో గిన్నె చూశాడు, అడుగున బీఎల్ అని ఉంది, ఫోన్లో వెతికితే బెర్నార్డ్ లీచ్ అని వచ్చింది, అప్పుచేసి కొనేశాడు. తర్వాత నా దగ్గరకొచ్చి టెన్షన్‌తో “నిజమే కదండీ?” అంటే ఏం చెప్పను, పాపం! ఆ రెండక్షరాలు పేరులో ఉన్న ఎవరైనా వేసుకోవచ్చు. పైగా 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో ఫెదర్‌స్టోన్ జైలు ఖైదీలు కుండల క్లాసులో చేసినవి లీచ్ పేరుతో వేలంపాటల దాకా వెళ్లాయి. ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్ ఊరి ముద్ర అసలుదే అయినా అది 1920లో లీచ్, జపాన్ కుండల కళాకారుడు హమాదా కలిసి అక్కడ పెట్టిన పాటరీది, అంటే కుండల కార్ఖానాది. అదొక్కటే ఉంటే అక్కడ పనిచేసిన ఎవరి చేతిదైనా కావచ్చు.

కాబట్టి ముద్ర చివర చూడండి. ముందు గ్లేజ్ (పైన గాజులా మెరిసే పూత) లేనిచోట మట్టి రంగు, అడుగున రింగు చెక్కిన తీరు, పిడి అతికించిన చోటు చూసి, ఖాయంగా ఆ మనిషివే అని తెలిసిన మ్యూజియం ముక్కల ఫోటోలతో పోల్చండి. ముద్ర ఫోటోకి టార్చి పక్కనుంచి వేయండి, ఎదురుగా వేస్తే గీతలు మాయమైపోతాయి.

ఎక్కడినుంచి వచ్చిందో అడగడం మరీ ముఖ్యం. యానాంలో ఒకావిడ జగ్గు చూపించి జపాన్‌దన్నారు, ఎవరో చెప్పార్ట. చుట్టిన కాగితం తమిళ పేపరు! “పాండిచ్చేరిలో చుట్టాలున్నారామ్మా?” అంటే “మా ఆడపడుచు అక్కడే కదండీ” అన్నారు. 1971లో డెబోరా స్మిత్, రే మీకర్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టాక, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎందరో సొంత స్టూడియోలు పెట్టుకున్నారు. మన వైపు ఇళ్లలో స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చిన గట్టి మట్టిసామాను) కనిపిస్తే నేను ముందు వెతికేది అటే.

మిగతావి గబగబా. ముద్ర లేకపోతే విలువ లేదా? హమాదా జపాన్ తిరిగెళ్లాక కుండల మీద సంతకమే మానేశాడు, కుండ పెట్టే చెక్కపెట్టె మీద చేసేవాడు. గ్లేజ్‌లో సన్న పగుళ్లుంటే పాతదా? మట్టీ గ్లేజూ ఒకేలా కుదించుకోకపోతే కొత్తదానికీ వస్తాయి.

బాత్రూం యాసిడ్‌తో అడుగు తోమకండి, కొట్టు స్టిక్కరుంటే పీకకండి. అమ్మేవాడు “రేపటికి ఉండదు సార్” అంటే పోతే పోనివ్వండి. గిన్నె నచ్చితే గిన్నె ధర ఇవ్వండి, పేరు ధర మాత్రం తేలాకే.