వాకీటాకీలో చానెళ్లు ఎక్కించడం: పాత కంప్యూటర్ మీద, చూపు లేకుండా (అపోహలు - వాస్తవాలు)

హనుమకొండలో సెట్లు రిపేరు చేస్తాను. హామ్ లైసెన్సు, అంటే సరదాకు రేడియోలో మాట్లాడుకునే అనుమతి, ఉంది కాబట్టి సాయంత్రం పూట రెండు మీటర్ల బ్యాండు (144 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) మీద నాలుగు మాటలు మాట్లాడుకుంటాను. ఆ పరిచయంతోనే కాజీపేట నుంచి ఒక తమ్ముడు నా బెంచీ దగ్గరికి వచ్చాడు. పుట్టుకతోనే చూపు లేదు. పరీక్ష పాసై, లైసెన్సు చేతికొచ్చాక మొదటి సెట్టు కొనుక్కున్నాడు. వాళ్ల అన్న వాడేసి మూలన పెట్టిన విండోస్ 7 లాప్‌టాప్‌ను సంచిలో వేసుకొచ్చాడు. "అన్నా, గీ డబ్బాల సాఫ్ట్‌వేర్ ఎక్కదట. ఎక్కినా నాకు పనికిరాదట. నిజమేనా?" అన్నాడు. ఆ రెండు "అట"ల సంగతే ఇదంతా.

అపోహ: కంప్యూటర్ పాతది, అందుకే సెట్టును పట్టుకోవడం లేదు.

యూవీ-5ఆర్ అనే చవక వాకీటాకీ లాంటి సెట్టులో ఉన్న 128 చానెళ్లు, సెట్టింగులు అన్నీ కలిపినా పది కిలోబైట్లు దాటవు. అవి పోయేది 9600 బాడ్ వేగంతో, అంటే సెకనుకు 9600 బిట్లు. ఇంత చిన్న పనికి ఇరవై ఏళ్ల నాటి కంప్యూటర్ కూడా ఎక్కువే. నా బెంచీ మీద చాలాసార్లు దొంగ దొరికేది సెట్టును కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ కేబుల్లోనే.

చవక కేబుళ్లలో ప్రోలిఫిక్ పీఎల్ 2303 చిప్పుకు నకళ్లు ఉంటాయి. ఆ కంపెనీ కొత్త డ్రైవర్ (చిప్పును విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాము) నకలునీ, తన పాత చిప్పునీ గుర్తుపట్టి పని చేయనంటుంది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10 అనే తప్పు వస్తాయి. పాత డ్రైవర్ వేస్తే అదే కేబుల్ బుద్ధిగా నడుస్తుంది. కానీ విండోస్ అప్‌డేట్ మళ్లీ కొత్తది తెచ్చి పెడుతుంది, మళ్లీ మొదటికి. అప్పుడు డివైస్ మేనేజర్‌లో ఉన్న డ్రైవర్ల జాబితా నుంచి పాతది మనమే ఎంచుకోవాలి. 2014లో ఇలాంటి చిప్పులే చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ డ్రైవర్ అయితే నకలు చిప్పులను ఏకంగా పనికిరాకుండా చేసింది. గొడవ కావడంతో వెనక్కి తీసుకున్నారు.

పసుపు గుర్తు కనబడనివాళ్లకు ఎట్లా అంటారా? డివైస్ మేనేజర్ మామూలు చెట్టు జాబితా. బాణం కీలతో దిగుతూ పోర్టుల దగ్గరికి వెళ్లి ప్రాపర్టీస్ తెరిస్తే, కోడ్ 10 అన్న మాటను స్క్రీన్ రీడర్ (తెర మీది మాటలు పైకి చదివే ప్రోగ్రాము) అక్షరం పొల్లు పోకుండా చదువుతుంది. అక్కడే కామ్ పోర్టు నంబరు, అంటే ఆ కేబుల్‌కు విండోస్ ఇచ్చిన నంబరు, కూడా వినండి. కామ్ 17 లాంటిది పడితే కొన్ని పాత సాఫ్ట్‌వేర్లకు కనబడదు. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో చిన్న నంబరు ఇచ్చుకోవచ్చు.

ఇంకొకటి, చిన్న విషయమే గానీ గంటలు మింగేది: రెండు పిన్నుల ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగలేదేమో చూడండి. దిగిందనుకున్నాక ఇంకోసారి నొక్కండి.

అపోహ: కొత్త లాప్‌టాప్ కొంటే అన్ని సెట్లూ నడుస్తాయి.

పాత మోటరోలా సెట్లకు డాస్ (విండోస్‌కు ముందు కాలం నాటిది) సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో కొన్ని ప్రాసెసర్ నెమ్మదిగా ఉంటుందన్న నమ్మకంతో కాలం లెక్కపెడతాయి. వేగం పెరిగితే లెక్క తప్పుతుంది, సెట్టు మాట వినదు. 16 బిట్ ప్రోగ్రాములను 64 బిట్ విండోస్ అసలు తెరవనే తెరవదు. అందుకే అసలైన సీరియల్ పోర్టున్న ముసలి డబ్బా ఒకటి నా దగ్గర మూలన ఇంకా ఉంది. ఇంట్లోవాళ్లు దాన్ని పాత సామాను వాడికి వేయమంటూనే ఉంటారు.

అపోహ: విండోస్ 7లో స్క్రీన్ రీడర్ రాదు.

ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో 2023.3 వరుస విండోస్ 7కు చివరిది. ఎక్స్‌పీకి 2017.3 చివరిది. ఆ కూర్పు దించుకుంటే చాలు. ఇ-స్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది. ఉచ్చారణ విని నవ్వుకోవాల్సిందే గానీ పని జరుగుతుంది.

అపోహ: స్క్రీన్ రీడర్ ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదువుతుంది.

ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. స్క్రీన్ రీడర్ తెరను చూడదు. "ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నావు, దాని పేరేంటి" అని ప్రోగ్రామును అడుగుతుంది. ప్రోగ్రాము జవాబిస్తేనే అది పలుకుతుంది. గడులను, బటన్లను సొంతంగా బొమ్మలా గీసుకున్న సాఫ్ట్‌వేర్ దగ్గర అడిగినా మౌనమే. సెట్లతో వచ్చే కొన్ని సాఫ్ట్‌వేర్లలో బటన్లకు పేర్లే ఉండవు. "బటన్, బటన్, బటన్" అని వినబడుతుంది.

చానెళ్లు ఎక్కించడానికి హామ్‌లు ఎక్కువగా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ చిర్ప్. పాత చిర్ప్ పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాష మీద, జీటీకే అనే పద్ధతిలో గీసిన కిటికీలతో ఉండేది. విండోస్‌లో ఆ జీటీకే స్క్రీన్ రీడర్‌తో మాట్లాడదు. అదే జీటీకే లైనక్స్‌లో (విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత వ్యవస్థ) ఓర్కా అనే స్క్రీన్ రీడర్‌తో మాట్లాడుతుంది! కొత్త చిర్ప్ పైథాన్ 3 మీదికి, వేరే కిటికీల పద్ధతికి మారింది. పైథాన్ 3.9 నుంచి విండోస్ 7ను వదిలేశారు కాబట్టి, పాత లాప్‌టాప్‌కు కొత్త చిర్ప్ కావాలంటే లైనక్స్ దారే నయం.

చానెళ్ల పట్టికతో కుస్తీ పట్టకుండా తమ్ముడికి నేను చూపించిన దారి వేరే. ముందు సెట్టు నుంచి చదివించి, ఆ చానెళ్లను సీఎస్‌వీ ఫైలుగా ఎగుమతి చేయాలి. అది వట్టి అక్షరాల ఫైలు. నోట్‌ప్యాడ్‌లోనో ఎక్సెల్‌లోనో తెరిస్తే వరుసకొక చానెల్: నంబరు, పేరు, ఫ్రీక్వెన్సీ, డ్యూప్లెక్స్ (పంపే ఫ్రీక్వెన్సీ పైకా కిందికా), ఆఫ్‌సెట్ (ఎంత తేడా), టోన్ (తలుపు తెరిచే సన్నని స్వరం). గడి గడికీ బాణం కీతో వెళ్తూ వినొచ్చు, దిద్దొచ్చు. ఎక్సెల్ 145.500ను 145.5 అని చెబితే కంగారు పడొద్దు, రెండూ ఒకటే. దిద్దాక మళ్లీ దిగుమతి చేసి సెట్టులోకి పంపడమే. అక్కడున్నది మామూలు ప్రోగ్రెస్ బార్ అయితే ఎన్‌వీడీఏ బీప్ బీప్‌మని స్వరం పెంచుకుంటూ పోతుంది. "ఎంతవరకు పోయిందో నాకు వినబడుతుంది, నీకు చూడాల్సొస్తది" అని తమ్ముడు నన్నే ఎగతాళి చేశాడు.

అపోహ: చూపు లేనివాళ్లకు సెట్టు మీది బటన్లే సులువు.

యూవీ-5ఆర్‌లో గొంతు ఉంది, 14వ మెనూలో ఇంగ్లిష్ పెట్టుకోవచ్చు. నొక్కిన అంకెలు, మెనూ పేర్లు చెబుతుంది గానీ లోపల ఏ విలువ ఉందో ప్రతిచోటా చెప్పదు. ఒక రిపీటర్‌ను (మన మాటను అందుకుని దూరానికి తిరిగి పంపే స్టేషన్) దాచాలంటే ఫ్రీక్వెన్సీ, 25వ మెనూలో దిశ, 26లో ఆఫ్‌సెట్, 13లో టోన్, 27లో చానెల్ నంబరు. ఒక్క మెట్టు తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఇరవై చానెళ్లకు ఇరవైసార్లు. దీనికంటే సీఎస్‌వీ ఎంత సుఖమో చెప్పనక్కర్లేదు.

అపోహ: లైనక్స్‌లో డ్రైవర్ బాధే ఉండదు.

డ్రైవర్ బాధ తక్కువే. కానీ ముందు మీ యూజర్‌ను డయల్ అవుట్ గ్రూపులో చేర్చాలి, లేకపోతే పోర్టు తెరవనివ్వదు. ఇంకో విచిత్రం: ఉబుంటు 22.04 అనే లైనక్స్‌లో బ్రెయిల్ పలకల (తెర మీది అక్షరాలను వేళ్లకు తగిలే చుక్కలుగా చూపే పరికరాలు) కోసం పెట్టిన బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రాము, సీహెచ్ 340 చిప్పున్న కేబుల్‌ను బ్రెయిల్ పలక అనుకుని లాగేసుకుంటుంది. పోర్టు వచ్చినట్టే వచ్చి మాయమవుతుంది. దాన్ని తీసేయమని చూపున్నవాళ్లు తేలిగ్గా చెప్పేస్తారు. బ్రెయిల్ పలక వాడేవాళ్లు తీసేస్తే చేతులు తెగినట్టే. నియమాల ఫైలులో ఆ చిప్పు వరుసను మాత్రం పక్కన పెడితే సరిపోతుంది. తమ్ముడి లాప్‌టాప్‌లో డెబియన్ అనే లైనక్స్ వేసుకున్నాం. దాని ఇన్‌స్టాలర్ మొదట్లోనే ఎస్ నొక్కి ఎంటర్ కొడితే మాట్లాడుతుంది. నేను కుర్చీలో కూర్చున్నానంతే, వేసుకున్నది వాడే.

అపోహ: దోస్తు సెట్టు ఫైలు నా సెట్టులో వేస్తే పని తొందరగా అవుతుంది.

పైకి ఒకేలా కనిపించే సెట్లలో లోపలి ఫర్మ్‌వేర్ (సెట్టును నడిపే ప్రోగ్రాము) వేరుగా ఉండొచ్చు. ఒకసారి నేనే అట్లా వేసి ఒక సెట్టును మూగదాన్ని చేశాను, రాత్రంతా కూర్చున్నాను. ముందు మీ సెట్టును చదివించి, ఆ ఫైలును తాకకుండా దాచుకోండి. దోస్తు దగ్గర సీఎస్‌వీ మాత్రం తీసుకోండి.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే ఆ ఫ్రీక్వెన్సీలో మాట్లాడొచ్చు.

సాఫ్ట్‌వేర్ ఏ అంకె వేసినా తీసుకుంటుంది. మన దేశంలో హామ్‌లకు ఈ సెట్లలో పనికొచ్చేవి 144 నుంచి 146, 434 నుంచి 438 మెగాహెర్ట్జ్, అదీ లైసెన్సు ఉంటేనే. లైసెన్సు అక్కర్లేనిది 446.0 నుంచి 446.2 మధ్య చిన్న పవర్ సెట్లకే. మేడారం జాతర దగ్గర పడితే వలంటీర్లమంటూ ఎవరో ఒకరు నాలుగు సెట్లు తెచ్చి "గిట్ల ఏదో ఒక చానెల్ ఎక్కియ్యే" అంటారు. లైసెన్సు కాగితం తెమ్మంటే, మళ్లొస్తమని పోతారు.